కెమెరా లోపలి గీత

"ఈ ఫోటోలో ఉన్నది నువ్వేనా మంగ్లూ?"

"నానేనమ్మా."

"ఎప్పుడు తీశారు?"

"సుక్రు గుంటలో పడిపోయినాడు గదా. ఆ రోజే."

"తీసింది ఎవరు?"

మంగ్లు తల వంచుకున్నాడు. స్టేషన్లో వెనక గది అది. అతను నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఇనప కుర్చీలో సత్యకుమారి.

"నేస్తం రమ్మన్నాడు. ఎల్లినాను. గుంట కాడ నిలబడమన్నాడు. నిలబడినాను."

"ఏ నేస్తం? పేరు చెప్పు."

"నేస్తమమ్మా."

"నీకు వందమంది నేస్తాలు ఉండొచ్చు. నాకు ఒక పేరు కావాలి. ఆ పేరు చెప్పకపోతే సాయంత్రం నిన్ను కోర్టుకి తీసుకెళ్లిపోతారు. సుక్రు చావు నీ మెడకి చుట్టుకుంటుంది. ఇంట్లో నీ భార్య కనకకి ఏడో నెల. అర్థమవుతోందా?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకే ఒక్క మాట అడిగాడు.

"నేస్తం బాగున్నాడా అమ్మా?"

సత్యకుమారి విశాఖపట్నంలో ప్రైవేటు డిటెక్టివ్. అంతకుముందు పదిహేనేళ్లు భర్త ఫోటో స్టూడియోలో నెగెటివ్‌ల మీద మచ్చలు దిద్దింది. మంగ్లు లాయరు తరఫున అరకు వచ్చి ఇది నాలుగో రోజు. ఈ నాలుగు రోజుల్లోనూ మంగ్లు చెప్పింది ఇంతే. అబద్ధం చెప్పేవాడు రోజుకో మాట కలుపుతాడు. ఇతను ఒక్క అక్షరం కూడా కలపడం లేదు. అదే ఆమెకి కొరుకుడుపడని విషయం.

జరిగింది చిన్నదే. బోడికొండ మీద ఎవరో దొంగతనంగా రంగురాళ్ల కోసం గుంట తవ్వించారు. ఆగస్టు ఇరవై ఆరు, ఆదివారం, ఆ గుంట కూలి సుక్రు అనే కూలీ చచ్చిపోయాడు. రెండు రోజుల తర్వాత స్టేషన్‌కి ఒక కవరు వచ్చింది. పంపినవాళ్ల పేరు లేదు. లోపల ఒక సీడీ, అందులో ఒకే ఒక్క ఫోటో. గుంట అంచున నిలబడి లోపలికి వేలు చూపిస్తున్న మంగ్లు. ఫైలు మీద తేదీ ఆగస్టు పదకొండు. అంటే గుంట కూలడానికి రెండు వారాల ముందే మంగ్లు అక్కడ నిలబడి పని పురమాయిస్తున్నాడు, గుంట అతనిదే. ఎస్సై వెంకటరమణ లెక్క అది. విచారణ పేరుతో మంగ్లుని తెచ్చి కూర్చోబెట్టి, నిన్న అరెస్టు చూపించాడు.

తలుపు తోసుకుని ఎస్సై లోపలికి వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి. ఏజెన్సీకి వచ్చి ఆరు నెలలు కాలేదు.

"అయిందాండి మేడమ్, మీ పేరంటం?"

"తాంబూలం ఇంకా ఇవ్వలేదు. మీరూ కూర్చోండి, తీసుకుని వెళ్దురుగాని."

"నాలుగింటికి జీపు బయల్దేరుతుంది. తాంబూలాలు కోర్టులో ఇచ్చుకోండి." మంగ్లు వైపు తిరిగాడు. "ఏరా, ఆ స్నేహితుడెవడో మేడంగారికైనా చెప్పావా? చెప్పడు. ఉంటే కదండీ చెప్పడానికి!"

"మీరు రాసుకున్నదాంట్లో స్నేహితుడు అని రాశారా?"

"నేస్తం అంటే స్నేహితుడే కదండీ. డిక్షనరీ చూడమంటారా?"

ఆమె ఫోటో ప్రింటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఇదివరకు రెండుసార్లు చూసింది. రెండుసార్లూ మంగ్లు మొహాన్నే చూసింది. ఇప్పుడు మొహం వదిలేసి చుట్టూ చూసింది. గుంట పక్కన మనిషి భుజం ఎత్తున ఎర్రమట్టి కుప్ప. కింద ఎడమ మూలన తెల్లటి ఎరువుల బస్తా. ఆ బస్తా మీద సన్నటి గీత.

"ఇదేమిటి, తీగా?"

"ఏదో ఇనప తీగండి. అక్కడ బోలెడు చెత్త ఉంది."

"తీగయితే బస్తా అంచు దాటాక కిందికి వంగాలి. ఇది వంగలేదు. బస్తా మీదనుంచి గడ్డి మీదకి, అక్కడినుంచి మంగ్లు పాదం మీదకి స్కేలు పెట్టి గీసినట్టు పోయింది."

ఎస్సై వంగి చూశాడు. "ప్రింటు గీసుకుపోయి ఉంటుంది."

"కంప్యూటర్లో చూపించండి."

విసుక్కుంటూనే చూపించాడు. తెర మీద కూడా గీత అక్కడే ఉంది. పైన ఆకాశంలో కుడివైపు, ప్రింటులో సరిగా కనబడని చిన్న బూడిదరంగు మచ్చ కూడా ఉంది.

"ఈ రెండూ కొండమీదవి కావు, కెమెరా లోపలివి. ఫిల్ము ఉండాల్సిన చోట ఈ కొత్త కెమెరాల్లో సెన్సర్ ఉంటుంది. దానిమీద ఒక గాజుపలక. ఆ గాజు మీద నలుసు పడితే తీసిన ప్రతి ఫోటోలోనూ అదే చోట మచ్చ. గాజు గీసుకుంటే ప్రతి ఫోటోలోనూ అదే చోట గీత."

"పడనివ్వండి. తేదీ మాత్రం ఆగస్టు పదకొండు. కంప్యూటర్‌కి అబద్ధమాడాల్సిన పనేముంది?"

"కెమెరాకి తేదీ చెప్పేది మనిషే కదా. గోడ గడియారంలో ముల్లు తిప్పినట్టు తిప్పేయొచ్చు."

"తిప్పాడని రుజువు తెండి, చూద్దాం. నాలుగు లోపు."

"ఈ ఫోటో ప్రింటు నా దగ్గర ఉండనిస్తారా?"

"ఫ్రేము కట్టించుకుంటారా?" అన్నాడే గాని అడ్డుచెప్పలేదు.

స్టేషన్ మెట్లు దిగుతున్నప్పుడు ఆమె అడుగు ఒకచోట ఆగిపోయింది. ఆకాశంలో కుడివైపు ఆ మచ్చ కొత్తది కాదు. నాలుగు రోజులుగా పొద్దున్నే కాఫీ తాగుతూ చూస్తున్న మచ్చ అది. ఆమె బస చేసిన గది కింద గోడ నిండా కట్టిన ఫోటోల్లో ఉంది.

ఆ గోడ కీర్తి డిజిటల్స్‌ది. ఆ స్టూడియో రాజేష్‌ది.

రాజేష్ ఆమెని ఈ కేసుకి పిలిచిన మనిషి. తండ్రి కాలంలో గజపతినగరం నుంచి వచ్చి అరకులో స్థిరపడ్డ కుటుంబం. విశాఖలో ఆమె ఇంటికొచ్చి, గుమ్మంలోనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మంగ్లు నాకు తమ్ముడి కింద లెక్క అక్కా. లాయర్నీ నేనే పెట్టాను. మీరొచ్చి వాణ్ని బయటికి తీసుకురండి" అన్నాడు. మేడమీద గది ఇచ్చాడు. దుప్పటి సరిపోదేమోనని రెండోది పంపాడు. రోజూ సాయంత్రం టీ ఫ్లాస్కుతో పైకి వచ్చి, "ఏమన్నాడక్కా మంగ్లు? ఇంకెవరి గురించైనా చెప్పాడా?" అని అడిగేవాడు. లాయరు తరఫు మనిషిగా ఆమెని తప్ప ఎస్సై ఇంకెవర్నీ మంగ్లు దగ్గరికి వెళ్లనివ్వడం లేదు. అందుకని పాపం ఆత్రపడుతున్నాడనుకుని ఆమె అన్నీ చెప్పేది. ఒక్క మాట వదలకుండా చెప్పేది.

మచ్చలు ఏ కెమెరాకైనా పడతాయి. ఆమె తనకి తాను అదే చెప్పుకుంటూ నడిచింది.

రాజేష్ లేడు. లాయర్ని తీసుకురావడానికి పాడేరు వెళ్లాడు, మూడింటికల్లా వస్తానన్నాడు. స్టూడియోలో పనిచేసే పైడితల్లి ఒక్కతే పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తోంది.

"ఇయ్యాల బేగి వచ్చేసినారేటండి? అన్నం ఇంకా ఉడకనేదు."

"ఆకలి లేదులే. పైడితల్లీ, మీ పెద్ద కెమెరా ఒకటుండాలే, ఎక్కడుంది?"

"నల్లదాండి? బీరువాలో ఉందండి. పాడైపోనాది. ఇసాపట్నం పంపించాలన్నారు మా రాజేష్ బాబు."

"ఏమైంది దానికి?"

"ఆకాశంలో మచ్చొస్తందండి. ఏ పోటో తీసినా అదే జాగాలో మచ్చ. గణపతిరావుగోరు కొత్త కొట్టు తెరిసినారు కదా, వరలక్ష్మీ వ్రతం నాడు. ఆ పోటోల్లో మచ్చలు కంప్యూటర్లో సెరుపుతా మా బాబు సానాసేపు కూసున్నారు. ఇసుగొచ్చేసి మర్నాడు కెమేరా ఇప్పి ఆయనే బాగుసెయ్యడం మొదలెట్టినారు."

"దేంతో?"

పైడితల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "సెవిలో పెట్టుకునే దూదిపుల్లతోనండి! గోళ్లరంగు తుడిసే మందు మా పిల్ల దగ్గిరుంటే నానే తెచ్చి ఇచ్చినాను. దాంట్లో ముంచి రుద్దినారు, రుద్దినారు. మచ్చ పోనేదు. పైగా మందు నకిలీదని నన్ను తిట్టినారు."

"వ్రతం మర్నాడంటే శనివారమేగా? నీకు బాగా గుర్తుందా?"

"గురుతు లేకేటండి! తిన్నది నాను కదా తిట్లు."

వరలక్ష్మీ వ్రతం ఆగస్టు ఇరవై నాలుగు, శుక్రవారం. శనివారం కెమెరాకి ఈ వైద్యం. ఆదివారం గుంట కూలింది.

బీరువాకి తాళం లేదు. సత్యకుమారి కెమెరాని బల్లమీద మెత్తటి గుడ్డ పరిచి పెట్టింది. లెన్స్ ఊడదీసింది. మెనూలో శుభ్రం చేసే పద్ధతి ఎంచుకోగానే లోపల అద్దం టక్కున పైకి లేచింది. వెనక చిన్న తపాలా బిళ్ల కంటే కొంచెం పెద్ద పలక ఆకుపచ్చగా, ఊదాగా మెరిసింది. పక్కనుంచి టార్చి వేసి, ఫోటోలు దిద్దే భూతద్దంతో చూసింది.

నలుసు పలక అడుగున ఉంది. గీత పలక పైభాగాన ఉంది.

ఆమెకి మొదట నవ్వొచ్చింది. లెన్స్ గుండా బొమ్మ సెన్సర్ మీద తలకిందులుగా పడుతుంది. ఫోటోలో పైన ఆకాశంలో కనిపించే మచ్చ తాలూకు నలుసు గాజు మీద అడుగున ఉంటుంది. మచ్చ పైన ఉంది కదా అని రాజేష్ పైన రుద్దాడు. నలుసు ఉన్నచోటే ఉండిపోయింది. శుభ్రంగా ఉన్న చోట గీత పడింది. ఆ గీత ఫోటోల్లో కిందిభాగాన, గడ్డిలోనూ మట్టిలోనూ కలిసిపోయింది. అతను ఆకాశం వైపే చూస్తున్నాడు కాబట్టి గీత సంగతి అతనికే తెలియదు.

వట్టి దూదికి గాజు గీసుకుపోదు. దూదికి అంటిన గట్టి రేణువేదో గీసింది. అది రంగురాళ్ల పొడి కావచ్చు. ఇసుక కూడా కావచ్చు. తేల్చలేని విషయం కాబట్టి ఆ ఆలోచనని ఆమె అక్కడితో వదిలేసింది. నలుసుని కూడా ముట్టుకోలేదు. సరైన వైపు ఒక్కసారి మెల్లగా తుడిస్తే పోయే మచ్చ అది. ఇప్పుడది పోకూడదు.

"ఆగస్టులో ఈ కెమెరాతో ఎండలో తీసిన ఫోటోలు కావాలి పైడితల్లీ. గదుల్లో తీసినవి వద్దు."

"లోపలివేటి పాపం సేసినాయండి?"

"గదిలో తీసేటప్పుడు లెన్స్ కన్ను పెద్దగా తెరుచుకుంటుంది. అప్పుడు మచ్చా గీతా కనిపించవు. ఎండలో కన్ను చిన్నదవుతుంది. అప్పుడు దాగలేవు."

పైడితల్లి మచ్చల వల్ల పక్కన పడేసిన ప్రింట్ల అట్టపెట్టె తెచ్చి బల్లమీద బోర్లించింది. మూడు దొరికాయి. పంద్రాగస్టు జెండా వందనం, పాఠశాల ముందు. ఆకాశంలో మచ్చ ఉంది, కింద ముగ్గు వేసిన నేలమీద గీత లేదు. వ్రతం నాటి కొత్త కొట్టు, మిట్టమధ్యాహ్నం, సిమెంటు అరుగు మీద పట్టుచీరల వరస. మచ్చ ఉంది, గీత లేదు. ఆ నెలాఖరున పిల్లల ఆటల పోటీలు. మచ్చ ఉంది. కింద సున్నం గీసిన పరుగుపందెం బాటకి అడ్డంగా, సన్నగా, తిన్నగా గీత ఉంది.

వాటి పక్కన గుంట ఫోటో పెట్టింది. మచ్చ ఉంది. గీత ఉంది. కోణం కూడా అదే.

ఆగస్టు పదకొండున తీసిన ఫోటోలో, ఇరవై ఐదున పడిన గీత ఉండదు. మంగ్లు నిజమే చెప్పాడు. ఫోటో సుక్రు పడిన రోజునే తీశారు. తీసింది ఈ కెమెరా.

చేతికి సాక్ష్యం దొరికినప్పుడు ఆమెకి ఎప్పుడూ ఒక రకమైన తేలిక కలిగేది. ఈసారి కలగలేదు. మేడమీద ఆ రెండో దుప్పటి గుర్తొచ్చింది.

"కెమెరా ఇంకెవరి చేతికైనా ఇస్తాడా మీ బాబు?"

"అమ్మో! కూతురు కీర్తి ముట్టుకున్నా ఊరుకోరండి."

"మంగ్లుతో అతనికి ఎలా పరిచయం?"

పైడితల్లి వింతగా చూసింది. "పరిచయమేటండి? నేస్తం కట్టినోరు కదా ఆరిద్దరూ! గంగాలమ్మ పండగలో, అందరి ముందరా. కొత్త తువ్వాళ్లు మార్సుకున్నారు, ఒకే ఆకులో తిన్నారు. ఆనాటి నుంచి ఈయనకి ఆయన నేస్తం, ఆయనకి ఈయన నేస్తం."

"నేస్తం అంటే..."

"నేస్తమంటే నేస్తమేనండి. పేరెట్టి పిలవకూడదు. సచ్చినా పేరు నోట రాకూడదు. పేరెట్టినారా, నేస్తం తెగిపోనట్టే."

సత్యకుమారి బల్ల అంచు పట్టుకుంది. నాలుగు రోజులుగా మంగ్లు పేరు దాచడం లేదు. చెప్పగలిగినంతా చెబుతూనే ఉన్నాడు. వినే చెవులే లేవు, ఎస్సైకీ లేవు, తనకీ లేవు.

"కాని పైడితల్లీ, మీ బాబు నా దగ్గర ఎప్పుడూ మంగ్లు, మంగ్లు అనే అంటాడే."

కత్తెర ఆగిపోయింది.

"అనరండి. మీరు సరిగ్గా ఇన్నేదేమో."

"నాలుగు రోజులుగా వింటున్నాను."

పైడితల్లి కత్తిరించిన ఫోటోలు ఒక్కొక్కటిగా ఏరి కవర్లో పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "అయితే ఆయన ఎప్పుడో తెంపేసినాడండి. ఆ కొండోడికే తెలీదు."

ఎస్సై బల్లమీద నాలుగు ఫోటోలు వరసగా పెట్టేసరికి మూడు కావస్తోంది. వెంకటరమణ మొదట నవ్వుదామనుకున్నాడు. భూతద్దం అందుకున్నాక నవ్వు మానేశాడు. రెండో దానికీ మూడో దానికీ మధ్య చాలాసేపు అటూ ఇటూ చూశాడు.

"మచ్చలూ గీతలూ కోర్టులో నిలబడతాయాండి?"

"కెమెరా తెచ్చాను. మీ ఎదురుగా ఒక ఫోటో తీసి చూసుకోండి. పైడితల్లి సాక్ష్యం చెబుతుంది. ఇక మీరొక మాట చెప్పండి. సోమవారం మీరు కొండమీదికి వెళ్లినప్పుడు గుంట పక్కన మట్టికుప్ప ఉందా?"

"కుప్పా? లేదండి. చదునుగా ఉంది. గుంట నోటిదాకా మట్టే. తవ్వించి శవం తీశాం."

ఆమె గుంట ఫోటోలో ఎర్రమట్టి కుప్ప మీద వేలు పెట్టింది. "ఇది ఆదివారం తీసిన ఫోటో. ఇంత కుప్ప సోమవారానికల్లా ఎక్కడికి పోయింది?"

ఎస్సై మొహం మెల్లమెల్లగా మారింది. గుంట దానంతటది కూలితే పక్కన కుప్ప అలాగే ఉండాలి. కుప్ప గుంటలోకి వెళ్లిందంటే ఎవరో పారతో లాగారు.

"పూడ్చేశాడంటారా?" గొంతు తగ్గించి అడిగాడు. "మనిషి లోపల ఉండగా?"

"మంగ్లు చెప్పాలి. అతను చెప్పాలంటే మీరు నాకు ఒక్క ఉపకారం చెయ్యాలి. రాజేష్ వస్తున్నాడు. ఇన్నాళ్లూ అతన్ని లోపలికి రానివ్వలేదు. ఇవాళ రానివ్వండి. మంగ్లుని ఒకసారి పిలవమనండి. అంతే."

"పిలిస్తే ఏమవుతుందండి?"

ఆమె చెప్పింది. నేస్తం అంటే ఏమిటో చెప్పింది. "నేస్తం అని పిలిస్తే, గుంట దగ్గరికి రమ్మన్నది తనేనని మీ ముందు ఒప్పుకున్నట్టు. పేరు పెట్టి పిలిస్తే, మంగ్లుకి ఇక దాచాల్సిన మనిషే లేనట్టు."

ఎస్సై తను రాసుకున్న 'స్నేహితుడు' అన్న మాట వంక ఒకసారి చూసుకుని కాగితం తిరగేసి పెట్టాడు.

"నాకెవరూ చెప్పలేదండి" అన్నాడు.

"మనం అడగలేదు."

మంగ్లుతో ముందే ఒక మాట చెప్పాలని ఆమె వెనక గదిలోకి వెళ్లింది. నేలమీదే కూర్చుని చెప్పింది. "నీ నేస్తం నా దగ్గర నీ పేరు పెట్టి మాట్లాడుతున్నాడు మంగ్లూ."

మంగ్లు మొదటిసారి కోపంగా చూశాడు. "నువ్వు సదువుకున్నదానివి. అబద్దాలు ఆడకమ్మా. నేస్తం అలా అనడు."

బయట మోటారు సైకిల్ ఆగింది. రాజేష్ గొంతు వరండాలోంచే వినిపించింది. "అక్కా, లాయరుగారు వెనకాల కారులో వస్తున్నారు. కనక అన్నం కట్టిచ్చింది. అలా ఆ ఊరు మీంచే వచ్చాను. మంగ్లుకి ఇవ్వనిస్తారేమో సారుని అడగండి."

"మీరే ఇవ్వండి" అన్నాడు వెంకటరమణ. "రండి, రండి."

రాజేష్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, తెల్ల చొక్కా, చేతిలో క్యారియర్. మంగ్లుని చూడగానే అతని మొహంలో కనిపించిన జాలి నిజమైనదే అనిపించింది సత్యకుమారికి. అందుకే అది భరించలేకుండా ఉంది.

మంగ్లు లేచి నిలబడ్డాడు. మొహం విప్పారింది.

"వీడు నాలుగు రోజులుగా నోరు విప్పడం లేదండి" అన్నాడు ఎస్సై, జేబులోంచి పెన్ను తీస్తూ. "ఎవరో నేస్తం పిలిస్తే వెళ్లానంటాడు. మీరంటే గౌరవం కదా. ఒకసారి పిలిచి చూడండి, పలుకుతాడేమో."

రాజేష్ కళ్లు మంగ్లు మొహం మీంచి ఎస్సై పెన్ను మీదకి, అక్కడినుంచి సత్యకుమారి వైపు తిరిగాయి. ఆమె కళ్లు పక్కకి తిప్పుకోలేదు. మంగ్లు అతని పెదాల వైపే చూస్తున్నాడు, పసిపిల్లవాడు తల్లి చెయ్యి వైపు చూసినట్టు.

"మంగ్లూ" అన్నాడు రాజేష్.

మంగ్లు విననట్టే ఉన్నాడు.

"ఏటి మంగ్లూ, అలా సూస్తావు? అన్నం తెచ్చాను. కనక పంపింది."

"మళ్లీ పిలు" అన్నాడు మంగ్లు.

రాజేష్ పిలవలేదు. ఆ పిలుపుతో తను ఏం తెంపేశాడో అప్పుడు అతనికి అర్థమైంది. క్యారియర్ పట్టుకున్న చెయ్యి కిందికి వాలింది. "అక్కా, ఏమిటిదంతా?" అన్నాడు.

"ఆ మాట నేనడగాలి రాజేష్. రోజూ టీ పోసి నా నోటితోనే తెలుసుకున్నావు, ఇతను నీ పేరు చెప్పాడా లేదా అని."

మంగ్లు గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. ఏడవలేదు. గొంతు మాత్రం వేరే మనిషిదిలా ఉంది.

"రాసుకో సారూ. గుంట నాది కాదు. కూలోల్లని ఎవుడు ఎట్టినాడో నాకు తెలీదు. ఆదోరం మజ్జానం ఇతగాడు మా ఇంటికొచ్చినాడు. గుంట కూలిపోనాది, మనిసి పడిపోయినాడు, నువ్వు రావాలన్నాడు. ఎల్లినాను. సగమే కూలింది. నోరు తెరిసే ఉంది. అడుగు నుంచి కేకలు ఇనబడతన్నాయి."

"సుక్రు బతికే ఉన్నాడా?" ఎస్సై పెన్ను ఆగిపోయింది.

"బతికే ఉన్నాడు. నన్ను పేరెట్టి పిలిసినాడు. ఎంత లోతుందో ఊళ్లో ఆఫీసర్లకి సూపించాల, నిలబడి వేలు సూపించు అని ఇతగాడు పోటో తీసినాడు. తీసి, తాడు తెమ్మన్నాడు. ఊళ్లోకి పరిగెట్టినాను. తాడట్టుకుని వచ్చేసరికి గుంట నేదు. అంతా మట్టే. మళ్లీ కూలిపోనాది అన్నాడు. సేతులు మట్టి, మోకాళ్లు మట్టి. తీద్దామని సూసినాడు కాబోలు అనుకున్నాను." అతను తన అరచేతులు చూసుకున్నాడు. "నానే ఆ సేతులు కడిగినాను సారూ. నీళ్లు పోసి నానే కడిగినాను."

రాజేష్ వెనక్కి ఒక అడుగు వేశాడు. గుమ్మంలో కానిస్టేబుల్ అడ్డం నిలబడి ఉన్నాడు.

"వాడు చెప్పేది నమ్ముతారా సార్? కొండోడు. భయంతో ఏదో..."

"నువ్వు కాసేపు ఆగు" అన్నాడు వెంకటరమణ. అండీ గిండీ లేదు ఆ గొంతులో. మంగ్లు వైపు వంగాడు. "సుక్రు ఇంకేమన్నాడు? గుర్తు చేసుకో."

"సుక్రు నన్ను తాడెయ్యమన్నాడు. ఆ గొంతు ఏటీ అననేదు, ఏడుస్తానే ఉంది."

"ఏ గొంతు?"

"రెండో గొంతు."

సత్యకుమారి ఎస్సై వంక చూసింది. అతని మొహంలో రక్తం లేదు.

"మాకు ఒక్క శవమే దొరికింది" అన్నాడు. "సుక్రుది దొరకగానే తవ్వడం ఆపేశాం. ఇంకెవరూ కనబడటం లేదని ఏ ఊరినుంచీ ఎవరూ రాలేదు. సరిగ్గా విన్నావా?"

"ఇన్నాను సారూ. ఆడగొంతు. మా ఊరిది కాదు, మా మాట కాదు. కొండ కిందోల్ల మాట."

"ఎవరామె?"

"నాకు తెలీదు. గుంట అంచు కాడ సెప్పులున్నాయి, ఆడోల్లవి. తాడుతో తిరిగొచ్చేసరికి అవీ నేవు. నేస్..."

ఆ మాట మధ్యలో మంగ్లు ఆగిపోయాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ మనిషి వైపు తలెత్తి చూశాడు.

"రాజేష్‌కి తెలుసు" అన్నాడు.